పేరులేని 24 వోల్టుల హెడ్‌లైట్ రిలే కిట్: కొనొచ్చు, కానీ ఎర్త్ మాత్రం కొత్తగా వేయించుకోండి

కవరు మీద కంపెనీ పేరు ఉండదు. ఉన్నా మళ్ళీ కొనేటప్పటికి ఆ పేరు మారిపోయి ఉంటుంది. లోపల సరుకు మాత్రం ఒకటే. నల్ల స్లీవు తొడిగిన వైర్ల చుట్ట, రెండు రిలేలు (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్చులు), ఒక ఫ్యూజు హోల్డరు, బల్బులకు తెల్లటి పింగాణీ సాకెట్లు రెండు, బండి పాత ప్లగ్గులో గుచ్చడానికి మూడు కాళ్ళ ప్లగ్గు ఒకటి, చివర్న ఎర్త్‌కని, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు పోయే దారికని, రెండు రింగులు. పైన ఎర్ర స్టిక్కరు మీద "24 వోల్ట్ హెవీ డ్యూటీ" అని ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అయినా గుంటూరులో అయినా ఆరు వందల నుంచి తొమ్మిది వందల దాకా చెబుతారు. బేరమాడితే యాభయ్యో వందో తగ్గిస్తారు. ఆన్‌లైన్‌లో కూడా ధర అంతే, కాకపోతే లారీ కిట్ అని పెట్టి కారు కిట్ పంపేవాళ్ళు అక్కడ ఎక్కువ.

నేను చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన లారీల కరెంటు పని చేస్తాను. ఈ కిట్ కొని తెచ్చి బిగించమనేవాళ్ళూ, ఎక్కడో బిగించుకుని తిప్పలు పడి వచ్చేవాళ్ళూ ఇద్దరూ నా షెడ్డుకే వస్తారు. శీతాకాలం మొదలైతే మరీ ఎక్కువ. తెల్లవారుజామున పొగమంచులో రోడ్డు కనపడక భయపడ్డవాడు ముందు లైట్ల గురించే ఆలోచిస్తాడు కదా. అందుకే ఈ కిట్ గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. మార్కులు అడిగితే ఐదుకు మూడు ఇస్తాను. ఆలోచన మంచిది, సాకెట్లు మంచివి. వైరు అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఎర్త్ ఏర్పాటు మాత్రం లారీకి ఏమాత్రం సరిపోదు.

అసలు ఈ కిట్ ఎందుకంటే, పాత లారీల్లో హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగ్ దగ్గరి స్విచ్చులోంచే పోతుంది. బ్యాటరీ దగ్గర బయల్దేరి, ఫ్యూజు బాక్సుకు వచ్చి, లైటు స్విచ్చు, డిప్పరు (డిమ్, బ్రైట్ మార్చే స్విచ్చు) దాటి, మళ్ళీ కిందకి దిగి బంపరు దాకా వెళ్ళాలి. దారిలో ప్రతి ప్లగ్గూ, ప్రతి కాంటాక్టూ కొంత తినేస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ మీద 28 వోల్టులు చూపించే బండికి, బల్బు కాళ్ళ దగ్గర 24.5 చూపించడం నేను మామూలుగా చూసేదే. అంటే మూడున్నర వోల్టులు దారిలోనే పోయాయి. బ్రైట్ వేస్తే రెండు బల్బులూ కలిసి ఆరున్నర ఆంపియర్ల దాకా లాగుతాయి కాబట్టి, ఇరవై వాట్లకు పైగా వేడి వైర్లలోనూ స్విచ్చులోనూ పుడుతోందన్నమాట. డిప్పరు స్విచ్చు లోపల ప్లాస్టిక్ కరిగి వాసన రావడానికి కారణం ఇదే. చాలామంది దాన్ని నాసిరకం స్విచ్చు అనుకుని మార్చుకుంటూ పోతారు.

వోల్టేజి పన్నెండు శాతం తగ్గితే వెలుతురు పన్నెండు శాతమే తగ్గుతుందనుకోకండి. హాలోజన్ బల్బులో పది శాతం వోల్టేజి పోతే వెలుతురు దాదాపు ముప్పై శాతం పోతుంది. పన్నెండు పోతే మూడో వంతు పైనే పోయినట్టు. కొత్త బల్బు వేసినా పసుపుపచ్చగానే వెలుగుతోందంటే బల్బును తిట్టి లాభం లేదు.

రిలే కిట్ ఈ దారిని తగ్గిస్తుంది. స్విచ్చు నుంచి వచ్చే కరెంటు రిలేలో కాయిల్‌ను మాత్రమే లాగుతుంది, అది చాలా కొద్దిపాటి కరెంటు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో తిన్నగా బల్బుకు వస్తుంది. రిలే అడుగున 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 30 బ్యాటరీ నుంచి, 87 బల్బుకు, 85, 86 కాయిల్‌కు. జర్మనీ వాళ్ళు పెట్టిన అంకెలివి, ఎక్కువ రిలేల మీద ఇవే ఉంటాయి. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒకటి. సరిగ్గా బిగించిన బండిలో బల్బు దగ్గర 27.5 దాకా వస్తుంది. 75/70 వాట్ల (బ్రైట్ 75, డిమ్ 70) మామూలు బల్బులతోనే తెల్లటి వెలుతురు పడుతుంది, డ్రైవరు మొహం వికసిస్తుంది.

దీనికి ఒక ఖర్చు ఉంది, అది అమ్మేవాళ్ళు చెప్పరు. వోల్టేజి పెరిగితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది. ఐదు శాతం పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. మీ ఆల్టర్నేటర్ రెగ్యులేటరు పాడై ముప్పై వోల్టులు కొడుతుంటే, ఇన్నాళ్ళూ పాత వైరింగే బల్బులను కాపాడింది. కిట్ వేసిన వారంలో బల్బులు టపటపా పోతాయి. అందుకని కిట్ విప్పేముందు ఇంజన్ రేజ్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడాలి. ఇరవై తొమ్మిది దాటితే ముందు ఆ పని.

ఇప్పుడు కిట్ సంగతి. కవరు విప్పగానే నేను చేసే మొదటి పని రిలేలు పీకి 85, 86 మధ్య మీటరు పెట్టి ఓమ్‌లు చూడడం. 24 వోల్టుల కాయిల్ అయితే రెండు వందల యాభై, మూడు వందల ఓమ్‌ల చుట్టూ చూపిస్తుంది. ఎనభై, తొంభై చూపించిందంటే మూత మీద ఏం రాసి ఉన్నా లోపల ఉన్నది 12 వోల్టుల కారు రిలే. అది లారీలో పని చేయదా అంటే చేస్తుంది, మొదట బ్రహ్మాండంగా చేస్తుంది. కాకపోతే రెండున్నర వాట్లు తినాల్సిన కాయిల్ తొమ్మిది వాట్లు తింటుంది. రాత్రంతా లైట్లేసుకుని నెల్లూరు దాటేసరికి మూత ఉబ్బి, లోపల కాయిల్ మాడి లైట్లు ఒక్కసారి ఆరిపోతాయి. అది రెండు లైట్లూ ఆరిపోయే రకం ఫాల్టు, పైగా లోడు బండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరూ ఈ కిట్ బిగించకూడదు. దుకాణంలో కౌంటరు మీదే చేయొచ్చు. షాపువాడు మొహం చిట్లించినా ఫర్వాలేదు.

రెండోది వైరు. పైన తొడుగు లావుగా, లోపల రాగి సన్నగా ఉండడం పాత మోసం. ఇప్పుడు కొత్తది, అల్యూమినియం పోగు మీద రాగి పూత. కంటికి రాగిలాగే ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. గీకడం చేతకాకపోతే లైటరు మంట మీద పెట్టండి. రాగి పోగు ఎర్రబడి అలాగే నిలబడుతుంది. అల్యూమినియం పోగు చివర చిన్న గుండు కట్టి వాలిపోతుంది. ఈ వైరు కారులో ఎలాగోలా నెట్టుకొస్తుందేమో గానీ, లారీ బంపరులో వానా బురదా తగిలే చోట రింగు దగ్గర తెల్లటి పిండిలా మారి తెగిపోతుంది. సోల్డరింగు కూడా సరిగా అంటదు. ఈ మధ్య తెచ్చిన కిట్లలో సగానికి సగం ఇలాంటివే. అలాంటిది వస్తే సాకెట్లూ హోల్డరూ ఉంచుకుని వైరు మొత్తం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో మార్చేస్తాను. అప్పుడు కిట్ కొన్నందుకు లాభమేంటని అడగొచ్చు. పింగాణీ సాకెట్లు లాభం. అవి వేడికి కరగవు. బండితో వచ్చిన ప్లాస్టిక్ సాకెట్ గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే పొడిపొడి అయిపోతుంది.

మూడోది పొడవు. ఈ కిట్లు కారును దృష్టిలో పెట్టుకుని చేసినవి. కారులో బ్యాటరీ హెడ్‌లైటు పక్కనే ఉంటుంది. మన బండిలో క్యాబిన్ వెనక, ఛాసిస్ పక్కన ఎక్కడో ఉంటుంది. వైరు అందదు. అందకపోతే మనవాళ్ళు చేసేదేంటి? పాత వైరు ముక్క ఒకటి తీసుకుని రెండు కొసలూ మెలిపెట్టి పైన టేపు చుడతారు. ఆ జాయింటు ఛాసిస్ అంచు మీద కూర్చుంటుంది. ఫ్యూజేమో ఆ జాయింటుకు అవతల, రిలేల దగ్గర ఉంటుంది. టేపు అరిగి వైరు ఛాసిస్‌కు తగిలిందంటే మధ్యలో ఆపేవాడు లేడు, రెండు బ్యాటరీల బలమంతా ఆ వైరులో పోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. కిట్‌లో ఫ్యూజు మరోచోట ఉంటే దాన్ని కోసి బ్యాటరీ దగ్గరికి తెచ్చుకోండి. 75/70 బల్బులకు 15 ఆంపియర్లు చాలు. ఫ్యూజు పోతోందని 30 వేసుకునేవాళ్ళతో నాకు వాదించే ఓపిక లేదు.

రిలేలు తడవకూడదని కొందరు క్యాబిన్ లోపల బిగిస్తారు. బుద్ధి మంచిదే. కానీ ఇంజన్ పనికి క్యాబిన్ ఎత్తిన ప్రతిసారీ ఆ వైర్లు కీలు దగ్గర లాగుడు పడతాయి, దించినప్పుడు నలుగుతాయి. గేరుబాక్సు పని చేయించిన తర్వాత లైట్లు పోయాయని వచ్చే బండ్లలో ముందు అక్కడే చూస్తాను. గ్రిల్లు వెనక, కాళ్ళు కిందికి ఉండేటట్టు రిలేలు నిలబెట్టి బిగిస్తే నీళ్ళు లోపల నిలవవు. అదే మేలు.

ఇక ఎర్త్. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే వస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

దసరా అయ్యాక ఒక పన్నెండు టైర్ల బండి వచ్చింది. గుంటూరు యార్డులో మిర్చి ఎత్తుకుని చెన్నై పోవాలి. డ్రైవరు కుర్రాడు, బండి ఆపీ ఆపకముందే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, ఎడమ లైటు గుడ్డిదైపోయింది. బల్బు మార్చా. కిట్ పోయిందంటే కిట్ కూడా కొత్తది వేయించా. అయినా అదే వరస."

"కుడిది?"

"కుడిది బంగారంలాగుంది."

"దసరాకి రంగేయించారా తమ్ముడూ?"

"వేయించాం. మా ఓనరు బంపరు మొత్తం గీకించి కొత్తగా వేయించాడు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

లైట్లు వేయించి ముందు నిలబడి చూశాను. డిమ్ వేస్తే ఎడమ బల్బులో ఒక ఫిలమెంటు కాదు, రెండూ వెలుగుతున్నాయి. రెండూ ఎర్రగా, నీరసంగా. బ్రైట్ వేసినా అదే దృశ్యం. ఇది చూశాక మీటరు తీయకపోయినా చెప్పొచ్చు, ఆ బల్బుకు ఎర్త్ లేదు. ఎందుకంటే మన బల్బులో డిమ్ ఫిలమెంటుకూ బ్రైట్ ఫిలమెంటుకూ ఎర్త్ కాలు ఒకటే. ఆ కాలు తెగితే డిమ్ ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటుకు బయటికి పోయే దారి ఉండదు. అది పక్కనున్న బ్రైట్ ఫిలమెంటులోకి వెనక్కి ఎక్కి, బ్రైట్ వైరు పట్టుకుని కుడి బల్బు దాకా పోయి, ఆ బల్బు బ్రైట్ ఫిలమెంటులోంచి దాని ఎర్త్‌లోకి దిగుతుంది. 28 వోల్టులను మూడు ఫిలమెంట్లు పంచుకుంటే ఒక్కోదానికి తొమ్మిది. ఎర్రగా వెలగక ఏం చేస్తుంది?

కిట్ లేని బండిలో ఈ ఫాల్టు ఇంకో చోట కూడా బయటపడుతుంది. డిమ్‌లో ఉండగానే డ్యాష్‌బోర్డు మీద బ్రైట్ గుర్తు నీలం దీపం గుడ్డిగా వెలుగుతుంది. వెనక్కి ఎక్కిన కరెంటు బ్రైట్ వైరు మీదుగా దానికీ చేరుతుంది కాబట్టి. కిట్ వేశాక ఆ సాక్షి పోతుంది. నీలం దీపం పాత వైరు మీద ఉంటుంది, వెనక్కి వచ్చిన కరెంటు రిలే దగ్గరే ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు బాగానే ఉంది కదా అని డ్రైవరు బల్బులు మారుస్తూ కూర్చుంటాడు. ఈ కుర్రాడి విషయంలోనూ అదే జరిగింది.

అతనికి నమ్మకం కుదరాలని మీటరు కూడా పెట్టాను. ఇంజన్ ఆన్, డిమ్ ఆన్. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఎడమ సాకెట్ ఎర్త్ కాలు మీద. ఎర్త్ సరిగా ఉంటే అక్కడ సున్నా పాయింట్ రెండు, మూడు కంటే ఎక్కువ ఉండకూడదు. 18 చూపించింది. తర్వాత ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కు కట్టి, రెండో కొస ఆ ఎర్త్ రింగుకు తాకించాను. ఎడమ లైటు ఒక్కసారి తెల్లగా భగ్గుమంది. కుర్రాడు వెనక్కి అడుగేశాడు.

బోల్టు విప్పితే రింగు కింద కొత్త ఎర్రరంగు నిగనిగలాడుతోంది. రంగు మీద రింగు, రింగు మీద వాషరు, దాని మీద నట్టు. మరల్లోకీ రంగు దిగి ఉంది. రంగువాళ్ళు బంపరు విప్పినప్పుడు ఎడమ పక్క బోల్టు తీశారు, కుడి పక్కది తీయకుండా దాని చుట్టూ రంగేశారు. అందుకే కుడిది బంగారం. బోల్టుకు కాస్త పైనే నిమ్మకాయలూ మిరపకాయల దండ వేలాడుతోంది, రసం కారి నట్టు మీద తెల్లగా చారలు కట్టింది. దిష్టి తీయడానికి నేనేం అడ్డం చెప్పను, కాస్త పక్కకు కట్టుకోమన్నాను.

రంగు గీకి బిగిస్తే ఆ పూటకి పని అయిపోయేది. కానీ నేను బంపరును ఎర్త్‌గా నమ్మను. బంపరు బోల్టుల మీద వేలాడుతుంది, బోల్టులు తుప్పు పడతాయి, బంపరు ఎక్కడో తగిలి వంగుతుంది, మళ్ళీ విప్పుతారు, మళ్ళీ రంగేస్తారు. క్యాబిన్ ఇంకా అధ్వాన్నం, అది రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్‌కు కలిపే అల్లిక పట్టీ తెగిపోయిందంటే దాని ఎర్త్ గాలిలో దీపమే. రెండు సాకెట్ల ఎర్త్ వైర్లనూ కలిపి, లావు నల్ల వైరు ఒకటి ఛాసిస్ వెంట తిన్నగా బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కు కలిసే బోల్టు దాకా లాగాను. అక్కడ ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి, బిగించి, పైన వాజెలిన్ పూశాను. గ్రీజు పూసినా ఫర్వాలేదు, కానీ ముందు బిగించి తర్వాత పూయాలి. మళ్ళీ మీటరు పెడితే రెండు పక్కలా సున్నా పాయింట్ రెండు. కిట్‌లో ఇచ్చిన ఎర్త్ రింగులు, వాటి మూరెడు వైర్లూ కోసి చెత్తలో పడేశాను. ఆ కుర్రాడు కొన్న మొదటి కిట్‌లో తప్పేమీ లేదు. దాన్ని పడేయకుండా క్యాబిన్‌లో పెట్టుకుని ఉన్నాడు, రిలేలు స్పేరుగా ఉంచుకోమన్నాను.

ఇక్కడ మీటరు వాడేవాళ్ళకు ఒక మాట. లైట్లు ఆర్పేసి, బల్బు పీకి, ఖాళీ సాకెట్‌లో మీటరు పెట్టి "27 వస్తోంది, వైరింగ్ బాగుంది" అనేస్తుంటారు. మీటరు కరెంటు లాగదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా అది 27 చూపిస్తుంది. బల్బు వెలుగుతుండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. నేను ఇప్పటికీ మీటరు కంటే ముందు 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించిన టెస్ట్ ల్యాంపే తీస్తాను. పుచ్చిపోయిన వైరు దాని బరువు మోయలేక అక్కడికక్కడే చతికిలబడుతుంది.

మిగతా ఫాల్టులు ఇంత కథ చెప్పేవి కావు. స్విచ్చు వేస్తే రిలే టిక్కుమంటోంది కానీ లైటు లేదంటే 30 దగ్గర కరెంటు లేదు, ఫ్యూజు చూడండి. టిక్కు శబ్దమే లేదంటే పాత ప్లగ్గు నుంచి సిగ్నల్ రావడం లేదు, లేదా కాయిల్ ఎర్త్ పోయింది. రిలే కటకటమని కొట్టుకుంటుంటే ఎక్కడో లూజు కాంటాక్టు, ఎక్కువసార్లు ఎర్త్‌లోనే. గతుకుల్లో లైటు మినుకుమంటే సాకెట్ లోపలి రేకులు విచ్చుకున్నాయి, సన్న ముక్కు ప్లయరుతో నొక్కితే సరిపోతుంది. పచ్చటి చిలుము పట్టి ఉంటే నొక్కి లాభం లేదు, మార్చాల్సిందే. డిమ్ వేస్తే బ్రైట్, బ్రైట్ వేస్తే డిమ్ వస్తే కిట్ చేసినవాడు సాకెట్‌లో వైర్లు తారుమారు చేశాడు. ఇది కూడా రెండు కిట్లలో చూశాను.

ఎల్ఈడీ బల్బుల గురించి అడగనివాళ్ళు లేరు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు వేస్తే, వెలుతురు పుట్టే చోటు ఫిలమెంటు ఉన్న చోటుకు సరిగ్గా కుదరదు. డిమ్‌లో కూడా వెలుగు పైకి చిమ్మి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. మనకు ముందు పది గజాలు పాలపుంతలాగుంటుంది, దూరాన రోడ్డు కనపడదు. పైగా బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర పట్టుకుంటే మళ్ళీ విప్పడమే. డబ్బులిస్తామన్నా నేను హెడ్‌లైటులో ఎల్ఈడీ వేయను. అన్నిటికంటే చెడ్డది ఇంకోటుంది. 12 వోల్టుల ఎల్ఈడీ బల్బులు చవగ్గా దొరికాయని తెచ్చి, 12 వోల్టుల కిట్‌తో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే కరెంటు తీసుకోవడం. పాటల పెట్టెకి కూడా ఇలాగే చేస్తారు. ఒక బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, రెండోది ఎక్కువ ఛార్జింగు తిని నీళ్ళు మరిగిస్తుంది. కొన్నాళ్ళకు రెండూ పోతాయి. లైటు మీద మిగిల్చిన నాలుగు వందలు అక్కడ వేలల్లో తేలతాయి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లు ఉన్నవాళ్ళు ఈ కిట్ జోలికి పోకపోవడం మంచిది. చాలా బండ్లలో లైట్లు కంట్రోల్ యూనిట్ చేతిలో ఉంటాయి, వైరు కోసి జాయింటు వేస్తే వేరే తలనొప్పులు మొదలవుతాయి. వారంటీ కూడా మాట్లాడనివ్వరు. పైగా వాటిల్లో ఇంత వోల్టేజి నష్టం నేను చూడలేదు. ఈ కిట్ పాత బండ్లకు, అదీ డిప్పరు స్విచ్చు వేడెక్కుతున్న బండ్లకు.

100/90 వాట్ల బల్బులు వేసుకోవడానికే కిట్ కొనేవాళ్ళున్నారు. ఆ డబ్బా మీద రోడ్డు మీద వాడేందుకు కాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. రిఫ్లెక్టరు పూత ఆ వేడికి మసకబారుతుంది, మసకబారాక ఎన్ని వాట్లు వేసినా ఒకటే. కిట్ సరిగా పడితే 75/70 చాలు.

ఖర్చు లెక్క చూస్తే, కిట్ ఆరేడు వందలు, రాగి వైరు, స్లీవు, రింగులు, పళ్ళ వాషర్లకు ఇంకో నాలుగైదు వందలు, పైన మేస్త్రీ కూలి. మొత్తం మీద రెండు వేల లోపు అయిపోతుంది. ఎర్త్ వైరు బ్యాటరీ దాకా లాగనంటే, ఇక్కడే బంపరుకు బిగిస్తానంటే, ఆ మేస్త్రీకి దణ్ణం పెట్టి పక్క షెడ్డుకు వెళ్ళండి. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు లైట్లు వెలుగుతుండగా మీటరు పెట్టించండి. బ్యాటరీ ప్లస్ నుంచి సాకెట్ ప్లస్ దాకా అర వోల్టు లోపు, ఎర్త్ పక్క సున్నా పాయింట్ మూడు లోపు ఉండాలి. ఏది దాటినా పని పూర్తి కానట్టే.

ఇంకోటి, లైటు ఎత్తు. ఖాళీ బండికి సర్దిన లైట్లు లోడెక్కాక వెనక కమాన్లు కుంగి పైకి లేస్తాయి. కొత్త వెలుతురుతో అది ఎదుటివాడికి మరీ నరకం. మీరు ఎక్కువగా తిప్పేది లోడుతోనే కాబట్టి, లోడు మీద ఉన్నప్పుడే గోడ ముందు పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి డిమ్ సర్దుకోండి. గోడ మీద వెలుగు పై అంచు లైటు మధ్య ఎత్తు కంటే రెండు మూడు అంగుళాలు కింద ఉండాలి. సర్దే స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే డీజిలు చుక్క వేసి ఉంచండి.